గేటు కాడి జవాను ముచ్చట

మంట కాడ కూసొని పుస్తకం సదువుడేందిరా? పక్కకు వెట్టు. ఆ బిట్లు పొద్దుగాల సదువుకోవచ్చు. నువ్వు గూడ రా బిడ్డా, ఆ స్టూలు ఇటు జరుపుకో. సంక్రాంతి ముందు సికింద్రాబాద్‌ల చలి గిట్లనే ఉంటది. బొల్లారం దిక్కు నుంచి గాలి కొట్టిందంటే చెవులు మొద్దువారుతయ్.

ఏమన్నవ్? కానిస్టేబుల్ నౌకరికి ఇంటర్వ్యూ లేదు, ఉరికితే చాలు, బిట్లు పెడితే చాలు అన్నవా? ఉన్నమాటే అన్నవ్. ఇప్పటి పరీక్ష నాకు ఎరుకనే. బస్తీ పిలగాండ్లను గ్రౌండ్‌కు తోలుకపోయేది నేనే గద. ముందుగాల 200 మార్కుల ప్రిలిమినరీ. అది దాటితే కొలతలు. మొగపిల్లలకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతి 86.3, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలె. ఆడపిల్లలకు ఎత్తు 152.5. 2022 నోటిఫికేషన్‌ల మొగపిల్లలను 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల ఉరకమన్నరు, ఆడపిల్లలను 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల ఉరకమన్నరు. అటెనక లాంగ్ జంపు, షాట్‌పుట్. ఆఖరికి ఇంకో 200 మార్కుల పరీక్ష. అన్నీ దాటితే తొమ్మిది నెలల ట్రైనింగ్.

ఇన్ని మెట్లల్ల ఒక్క కాడ గూడ, "నీ ముంగట ఒక మనిషి ఏడ్చుకుంట నిలబడితే నువ్వేమంటవ్?" అని అడిగేటోడు లేడు. అడగరు గనుకనే నేను చెప్తున్న. నా కొలువు మొత్తం ఆ ఒక్క సంగతి మీదనే నడిచింది.

మా తాత చెప్పేటోడు. ఆ జమానాల హుస్సేన్‌సాగర్‌కు అవుతల నిజాం పోలీసు, ఇవుతల మన దిక్కు ఇంగ్లీషోళ్ల పోలీసు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806ల ఈ ఊరికి పేరు వడ్డది గని, పెత్తనం మాత్రం ఇంగ్లీషోళ్లదే. 1945 ఆఖరుకు కంటోన్మెంట్ వాళ్ల కాడ ఉంచుకొని, మిగిలిన ఊరిని నిజాంకు తిరిగిచ్చిన్రు. అవుతలి దిక్కు 1920 నుంచి 1934 దాక కోత్వాలు ఎవరనుకున్నవ్? రాజబహదూర్ వెంకటరామారెడ్డి. కోత్వాలంటే ఇప్పటి కమిషనర్. ఆయన వనపర్తి దిక్కు పల్లె మనిషి. పోలీసుల అమీన్‌గ చేరి, ఒక్కొక్క మెట్టు ఎక్కుకుంట ఆ కుర్చీ కాడికి వచ్చిండు. నిజాం కింద ఆ కుర్చీల కూసున్న మొదటి హిందువు ఆయనే అంటరు. పల్లె పిల్లలు పట్నంల ఉండి సదువుకోవాలని 1918ల రెడ్డి హాస్టల్ వెట్టిస్తే దాని వెనక నిలవడ్డది ఆయనే. ఇప్పుడు హిమాయత్‌సాగర్ దిక్కున్న మన పోలీస్ అకాడమీకి ఆయన పేరే ఉన్నది, పోయినప్పుడు గేటు మీద సదువు. మా తాత ఏమనేదంటే, కొలువు ఎంత చిన్నగ మొదలైందని ఎవరూ యాది పెట్టుకోరురా, ఎవరితోని ఎట్ల మసులుకున్నడని మాత్రం మూడు తరాలు చెప్పుకుంటరు అని.

ఇగ నా సంగతి. 1969ల నేను సదువుకునే పిలగాన్ని. జై తెలంగాణ అనుకుంట రోడ్ల మీదికి వచ్చినోళ్లల్ల నేనూ ఒకన్ని. క్లాక్ టవర్ కాడ పార్కుల అమరవీరుల స్తూపం ఉన్నది చూసినవా? అది ఆనాటి పిలగాండ్లదే. లాఠీ దెబ్బ ఎట్లుంటదో నాకు అప్పుడే తెలిసింది. నాలుగేండ్లు తిరిగేసరికి ఇంట్ల పొయ్యి మీదికి ఏదో ఒక ఆధారం కావాల్సి వచ్చింది. నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పనిచేసేటోడు, ఆయనకు పానం బాగలేకుండె. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ కార్డు, ముల్కీ సర్టిఫికెట్, మెట్రిక్ కాగితం పట్టుకొని కానిస్టేబుల్ సెలెక్షన్‌కు పోతున్న అంటే మా అమ్మ ఏమన్నదో తెలుసా? "నిన్ను తరిమినోళ్ల బట్టలే తొడుగుతవారా?" అన్నది. నా నోట జవాబు రాలే.

గ్రౌండ్‌ల నిక్కర్ల మీద వరుసగ నిలవెట్టిన్రు. టేపు పట్టుకొని ఒకడు కొలుస్తున్నడు, ఇంకొకడు రాస్తున్నడు. ఐదడుగుల ఆరంగుళాలు లేనోన్ని అక్కన్నించే ఇంటికి తోలిన్రు. ఉరుకుడు అయినంక కుర్చీల కూసున్న పెద్దసారు ఒక్కటే అడిగిండు: "కౌన్ కౌన్ సీ జబాన్ ఆతీ రే?" తెలుగు వస్తది, ఉర్దూ వస్తది, అరవం జర జర వస్తది సాబ్ అన్న. పక్కనున్న జవాను అరవపాయన. ఇద్దరినీ మాట్లాడుమన్నడు. మా ఇంటి గోడవతల వాళ్లే ఉంటుండె గద, చిన్నప్పటి నుంచి వాళ్ల పిల్లలతోని ఆడి నేర్చుకున్న అరవం ఆడ పనికొచ్చింది.

ఎందుకు అడిగిండో తర్వాత తెలిసింది. ఈ ఊరి తీరు సూడు. లాలాగూడ, మెట్టుగూడల రైల్వేల పనిచేసే అరవోళ్లు, ఆంగ్లో ఇండియన్లు. రెజిమెంటల్ బజార్ల ముదలియార్లు. జనరల్ బజార్ల మార్వాడీలు, గుజరాతీలు. మోండా మార్కెట్‌కు కూరగాయలు తెచ్చేటోళ్లు చుట్టుపక్కల ఊర్లోళ్లు. కంటోన్మెంట్‌ల ఏ రాష్ట్రం సిపాయన్న ఉంటడు. 1966ల దక్షిణ మధ్య రైల్వే ఆఫీసు ఈడనే వెట్టినంక ఇంకెందరో వచ్చిన్రు. గిసొంటి ఊర్ల ఠాణా గేటు కాడ నిలవడేటోనికి ఒక్క భాషే వస్తే, సగం ఫిర్యాదులు గేటు కాడికెళ్లే వాపసు పోతయ్.

నాకు మొదలు ఇచ్చింది సెంట్రీ డ్యూటీ. తుపాకి పట్టుకొని గుమ్మం కాడ నిలవడుడు. అది పనికిరాని పని అనుకునేటోళ్లు మస్తు మంది. మా హెడ్ సాబ్ ఒకాయన ఉండె, ముసలాయన, పటేల్ మీసాలు. ఆయన నన్ను పిలిచి కూసోవెట్టి చెప్పిండు: "ఇగో, ఠాణాకు వచ్చే మనిషి కమిషనర్‌ను సూస్తడా? జన్మల సూడడు. అమీన్ సాబ్‌ను గూడ అర్ధగంటకో, గంటకో సూస్తడు. మొదలు సూసేది నిన్ను. సర్కారు అంటే ఎట్లుంటదో నీ మొకంలనే సూస్తడు." ఎస్సైని పాతోళ్లు అప్పటికీ అమీన్ సాబ్ అనే పిలిచేది.

ఒక దినం పొద్దుగూకంగ అరవామె ఒకామె వచ్చింది. గుమ్మం దాక వచ్చి వెనకకు తిరిగింది. మళ్ల వచ్చింది. మళ్ల తిరిగింది. లోపల రైటర్ తల ఎత్తకుంటనే, "ఏందమ్మా, ఏం కేసు? ఎక్కడ? ఎప్పుడు?" అని గద్దించిండు. ఆమె కొంగు నోట్ల పెట్టుకొని నిలవడ్డది. హెడ్ సాబ్ లేచి, స్టూలు తెచ్చి వేసిండు. నన్ను నీళ్లు తెమ్మన్నడు. ఆమె ఎదురుంగ ఆయన గూడ కూసున్నడు. కేసు మాట ఎత్తలే. పిల్లలెందరు, పెద్దోడు ఏం సదువుతున్నడు, ఇంటాయన ఏ షాపుల పనిచేస్తడు అని నాతోని అరవంల అడిగించిండు. పదిహేను నిమిషాలు గట్లనే నడిచింది. అప్పుడు బయటవడ్డది అసలు సంగతి. మొగడు వర్క్‌షాపుల నుంచి రిటైరైనప్పుడు వచ్చిన పైసలన్నీ తెలిసినోడే ఒకడు చిట్టీల వెట్టిస్తనని తీసుకొని పారిపోయిండు. మొగనికి తెలిస్తే ఏమైతడో అని ఇంట్ల చెప్పలే. నీళ్లు, స్టూలు లేకపోతే ఆమె ఆ కాగితం మీద వేలిముద్ర వేసేది గాదు.

ఆమెకు ఎఫ్ఐఆర్ నకలు చేతికిచ్చి, "పైసలు అడిగితే ఇయ్యకు, ఇది ఉత్తగనే ఇయ్యాలె, కానూన్ల ఉన్నది" అని చెప్పిండు హెడ్ సాబ్. ఆ కానూను నిజంగనే ఉన్నది. పాత కోడ్‌ల, అంటే సీఆర్‌పీసీల, 154 సెక్షన్, ఇప్పుడు 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితల 173. నంబరు మారింది గని ఫిర్యాదు ఇచ్చినోనికి నకలు ఉత్తగనే ఇచ్చుడు మారలే. ఇంకోటి గూడ యాదుంచుకో బిడ్డా: సాక్ష్యం అడిగేతందుకు ఆడోళ్లను, పదిహేనేండ్ల లోపు పిల్లలను ఠాణాకు పిలువొద్దు, వాళ్లుండే కాడికే పోలీసు పోయి అడగాలె. పాతదాంట్ల 160 సెక్షన్, ఇప్పుడు 179. నువ్వు బిట్ల కోసం నంబరు సదువుతున్నవ్, మంచిదే. ఆ నంబరు వెనక ఒక ఆడిమనిషి రాత్రిపూట ఠాణా బెంచి మీద కూసునే బాధ ఉన్నదని సమజైతే నంబరు దానంతటదే యాదుంటది.

మల్ల పై నుంచి జవానును ఎట్ల సూసిన్రో అది గూడ చెప్తా. ఇంగ్లీషోళ్లు 1861ల పోలీస్ యాక్ట్ తెచ్చిన్రు. 1902ల ఫ్రేజర్ కమిషన్ అని వేసిన్రు. జవానుతోని యంత్రం లెక్క చేసే పనులే చేయించాలె, ఆలోచన అవసరమయ్యేది ఏదైనా పైవాళ్లు చూసుకోవాలె అన్నట్టు రాసిన్రు. నిలవడమంటే నిలవడు, పట్టుకరమ్మంటే పట్టుకరా, నోరు మాత్రం తెరువకు. దేశానికి స్వతంత్రం వచ్చినంక గూడ ఆ తీరు పోలే. 1977ల ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీస్ కమిషన్ వేసిన్రు. 1979ల వచ్చిన మొదటి రిపోర్టుల ముఖ్యంగ కానిస్టేబుల్ సంగతే రాసిన్రు. వాని జీతం, ఇల్లు, పని గంటలు, వాడు సొంత తెలివి వాడాల్సిన అవసరం. నాకు ఆ సంగతి రిఫ్రెషర్ కోర్సుల ఒక డీఎస్పీ సారు చెప్పిండు. ఇన్నప్పుడు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మా గురించి ఎవడో పెద్దోడు రాసిండా అని.

సెంట్రీ నుంచి నన్ను కోర్టు డ్యూటీల వేసిన్రు. సికింద్రాబాద్ కోర్టుకు పొద్దున పోవుడు, సమన్లు తీసుకొని ఊరంత తిరుగుడు. ఇది అల్కటి పని అనుకోకు. ఖాకీ బట్టలు వాకిట్ల కనవడంగనే ఇంటి మనిషి మాయమైతడు. చెప్పులు గుమ్మంల ఉంటయ్, పొయ్యి మీద చాయ్ ఉడుకుతుంటది, "ఆయన ఊరికి పోయిండు" అంటరు. కొత్తల నేను జూసిన, కొందరు జవాన్లు గల్లీల నిలవడి పేరు పెట్టి అరిచేటోళ్లు. ఆ దెబ్బతోని చుట్టుపక్కలోళ్లంత బయటికి వస్తరు, ఆ మనిషి ఇజ్జత్ మట్టిల కలుస్తది. మల్ల ఆ మనిషి కోర్టుల మన వైపు సాక్ష్యం చెప్తడా?

నేను చేసే పని ఏందంటే, గల్లీ మూల కిరాణం కొట్ల చాయ్ తాగుకుంట కూసుందును. కొట్టాయనను ముందుగాల దోస్తు చేసుకుందును. ఇంటికి పోయినంక గొంతు తగ్గించి, "భయపడకున్రి, మీ మీద కేసేం లేదు. మీరు చూసింది జడ్జి సాబ్ ముంగట చెప్పాలె, గంతే. ఆ తారీఖుకు రాకుంటే వారంటు వస్తది, అప్పుడు నేను నవ్వుకుంట రాలేను" అందును. సమన్ అంటే ఏందో, బెయిలబుల్ వారంటు ఏందో, నాన్ బెయిలబుల్ ఏందో మెల్లగ చెప్తే సగం భయం అక్కన్నే పోతది. సాక్షులకు పగోళ్ల కన్న మన తీరు జూస్తేనే భయం ఎక్కువ.

అండ్ల ఒక తమాషా ఉండె. మనిషి దొరకకుంటే ఇంట్ల పెద్దోళ్లకు సమన్ ఇయ్యొచ్చు. గని పాత కోడ్ 64 సెక్షన్ ప్రకారం ఆ పెద్దమనిషి మొగోడై ఉండాలె. ఇంట్ల కాలేజీల పాఠాలు చెప్పే బిడ్డ ఉన్నా ఆమె సంతకం చెల్లకపోయేది, పనిలేక అరుగు మీద పండుకున్న మరిది సంతకం చెల్లేది. నౌకరును ఇంటి మనిషిగ లెక్కవెట్టకపోయేటోళ్లు. ఎవరూ లేకుంటే ఒక నకలు తలుపుకు అంటించి రావాలె. ఎన్నిమార్లు ఆడోళ్లు నన్ను నిలదీసిన్రో, "మేము మనుషులం గాదా?" అని. నవ్వుకుంట, "నేను రాసిన కానూన్ గాదమ్మా" అందును. 2024ల వచ్చిన కొత్తదాంట్ల 66 సెక్షన్ కింద ఇంటి పెద్దోళ్లెవరైన తీసుకోవచ్చు, ఆడా మొగా అని లేదు. ఈ మార్పు పేపర్ల సదివిన దినం నాకు ఆ గుమ్మాలన్నీ యాదికొచ్చినయ్.

బోనాల బందోబస్తు సంగతి చెప్పకుంటే మంట ఆరదు. ఉజ్జయిని మహంకాళి గుడి ఎట్ల వచ్చిందో మీకు తెలుసు. 1813ల ఊర్ల కలరా వచ్చి జనం రాలిపోతుంటే, పల్టన్ల డోలీలు మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిల ఉండి మొక్కుకున్నడు. వాపసు వచ్చినంక 1815ల అమ్మవారిని నిలిపిండు. ఆషాఢం ఆదివారం వచ్చిందంటే తెల్లారక ముందే గుడి చుట్టూ గల్లీలల్ల ఇసుకేస్తే రాలనంత జనం. బోనమెత్తిన ఆడోళ్లు, శివసత్తులు, పోతరాజులు, సాయంత్రమైతే ఫలహారం బండ్లు, తొట్టెలు. తెల్లారి రంగం.

కొత్త జవాను తాడు పట్టుకొని జనాన్ని నెడుతడు. తెలివైనోడు తాడు పట్టుకోడు, వారం ముందే బస్తీల పొంటి తిరుగుతడు. ఏ బస్తీ బండి ఎన్నింటికి బయలెల్లుతది, దాని ముంగట ఎవరు నడుస్తరు, ఎవని మాట ఎవడు ఇంటడు, ఇదంతా తెలుసుకుంటడు. ఒక యేడు రెండు బస్తీల ఫలహారం బండ్లు ఒక్క మూల కాడికి ఒక్కసారే వచ్చినయ్. ముందు మాదంటే ముందు మాదని పిలగాండ్లు చొక్కాలు పట్టుకున్నరు. బ్యాండు ఆగలే, డప్పులు ఆగలే. మా హెడ్ సాబ్ పిలగాండ్ల దిక్కు సూడనే సూడలే. నేరుగ పోయి రెండు బస్తీల ముసలోళ్లను చెయ్యి పట్టుకొని ఒక్క అరుగు మీద కూసోవెట్టిండు. "మీ ఇద్దరు చిన్నప్పుడు ఒక్క తాలీంల కుస్తీ పట్టినోళ్లే గద, ఇయ్యాల ఎవరు గెలుస్తరో చెప్పున్రి" అన్నడు. ఇద్దరూ పకపక నవ్విన్రు. "ముందు వాంది పోనియ్యి, ముసలోడయ్యిండు" అని ఒకాయన అన్నడు. లాఠీ నడుముకే ఉన్నది. పిలగాండ్ల పేర్లు, ముసలోళ్ల పాత దోస్తాన్ ఆయనకు తెలువకుంటే ఆ దినం ఆడ నెత్తురు కారేది.

మంచి ముచ్చట్లే చెప్తే అబద్ధమైతది. నేను కొలువుల చేరి ఐదేండ్లు గాలే, 1978 మార్చిల నల్లకుంట ఠాణా సంగతి అయింది. సినిమా చూసి రాత్రిపూట ఇంటికి పోతున్న ఆలుమగలను పట్టుకపోయిన్రు. ఆమె మీద లోపల అత్యాచారం చేసిన్రు, అడ్డం వచ్చిన మొగన్ని కొట్టి చంపిన్రు. తెల్లారేసరికి శవం ఠాణా ముంగట పెట్టి జనం చుట్టుముట్టిన్రు, బస్సులు కాలినయ్, కాల్పులల్ల ఇంకా మంది పోయిన్రు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని చెప్పింది. కేసు రాయచూరు కోర్టుకు మారింది, ఆడ 1981ల వాళ్లు విడుదలైన్రు.

ఆ దినాలల్ల మేము యూనిఫాం మీద బస్సు ఎక్కితే పక్క సీటు ఖాళీగనే ఉండేది. తల్లులు పిల్లలను లోపలికి గుంజుకునేటోళ్లు. ఏ తప్పు చెయ్యని జవానుకు గూడ ఆ సూపు తగిలింది. మా అమ్మ సెలెక్షన్ నాటి మాట మళ్ల అనలే గని, అన్నం వడ్డించుకుంట నా మొకం జూసేది. అందుకే అంటున్న. మాట తీరు అంటే తియ్యగ మాట్లాడుడు ఒక్కటే గాదు. పక్కనోడు చెయ్యి ఎత్తుతుంటే "వద్దు సాబ్" అని అనగలుగుడు గూడ అండ్లనే వస్తది. అది మస్తు కష్టం. పై ర్యాంకోని మొకం మీద అనాల్సి వస్తది. అయినా దానికి తయారు గానోడు ఈ కొలువు దిక్కు రావొద్దు.

నా దోస్తు ఒకడు ముషీరాబాద్ జైల్ల వార్డర్. ఇప్పుడు గాంధీ దవాఖాన ఉన్నదే, అక్కన్నే ఆ జైలుండె. జైలు కూలగొట్టి ఖైదీలను చర్లపల్లికి మార్చినంక, స్టేషన్ ఎదురుంగ ఉన్న దవాఖానను 2003ల ఆడికి తెచ్చిన్రు. వాడు చెప్పేది, జైల్ల లొల్లి అయ్యే ముందు అరుపులుండవట. అన్నం గంట కొట్టినంక ఎవడు పళ్లెం ముట్టలేదో సూసుకోవాలెనట. ములాఖత్ నుంచి వచ్చినోడు ఎవనితోని మాట్లాడకుంట మూలకు పోయి కూసుంటే, ఆ రాత్రి వాని మీద ఒక కన్ను వెయ్యాలెనట. "భార్య రాలేదా? బిడ్డకు జ్వరమా?" అని ఒక్కమాట అడిగితే ఉరివేసుకునేటోడు గూడ ఆగుతడు అనేది. తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకొని వాడు చేసింది మొత్తం మనుషులను చదువుడే. వార్డర్ కొలువు గూడ ఇప్పుడు మీ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లనే వస్తది. తక్కువ సూడకున్రి.

ఇగ నీ సంగతి బిడ్డా. నేను చేరిన్నాడు ఠాణాల ఆడ జవాను కనవడుడు అరుదు. ఆడిమనిషి ఫిర్యాదు ఇయ్యాలంటే మొగోళ్ల మధ్యల నిలవడి చెప్పాలె. ఇప్పుడు తెలంగాణల సివిల్ పోలీసుల 33 శాతం ఆడోళ్లకే. 2014 అక్టోబర్ 24 నాడు షీ టీమ్స్ సురువు చేసిన్రు. మఫ్టీల బస్టాపుల కాడ, కాలేజీల కాడ నిలవడి ఏడిపించేటోళ్లను వీడియో తీసి పడుతరు. పట్టుకున్నంక మైనర్లైతే తల్లిదండ్రుల ముంగట కౌన్సెలింగ్ ఇస్తరు. కౌన్సెలింగ్ అంటే తిట్టుడు గాదు, తండ్రి తలవంచుకొని కూసున్నప్పుడు ఆయనతోని ఎట్ల మాట్లాడాలెనో తెలువాలె. 2016ల భరోసా కేంద్రం పెట్టిన్రు. దెబ్బతిన్న ఆడపిల్లకు వైద్యం, కానూను సాయం, ఓదార్పు ఒక్క కాడనే దొరుకుతయ్. నువ్వు సోషల్ వర్క్ సదివినవ్ గద, అసొంటి కాడ నీ సదువుకు పని ఉంటది. ఖాకీ బట్టలు తొడిగితేనే ఈ కొలువు అనుకోకు.

తలుపులు ఇంకా ఉన్నయ్. హోంగార్డుగ చేరినోళ్లు ఉన్నరు. దినానికి 921 రూపాయలుండె, 2025 నుంచి వెయ్యి చేసిన్రు. ట్రాఫిక్‌ల నిలవడితే ఎండ, పొగ, తిట్లు, గని నాలుగు నెలలల్ల మనిషి స్వభావం తెలిసిపోతది. 2024 డిసెంబర్ల ట్రాన్స్‌జెండర్లను సిటీ ట్రాఫిక్‌ల అసిస్టెంట్లుగ తీసుకున్నరు. నిన్నటి దాక సిగ్నళ్ల కాడ జనం ఎవరి మొకం జూడకపోయేదో, ఇయ్యాల వాళ్లు చెయ్యెత్తితే బండ్లు ఆగుతున్నయ్. కోర్టుల ఆఫీస్ సబార్డినేట్లు, ప్రాసెస్ సర్వర్లు, కాపీయిస్టులు ఉంటరు. వాటికి హైకోర్టు నోటిఫికేషన్ చూసుకోవాలె. ఏ కొలువైనా ఒక్కటి పట్టు వెట్టుకో: మధ్యల ఎవడన్న "నాకు పెద్దసారు తెలుసు, ఇంత ఇస్తే అయితది" అంటే వాన్ని దగ్గరికి రానియ్యకు. అడిగిన పైసలు ఇచ్చి లోపలికి పోయినోడు, అవి వసూలు చేసుకునేది గేటు కాడికొచ్చే ఆ అరవామె దగ్గరనే.

ఏందిరా, మొకం అట్ల వెట్టినవ్? "మాట్లాడుడు నేర్చుకోవాలంటే యాడ నేర్చుకోవాలె తాతా" అంటవా? అశోక్‌నగర్ కోచింగ్‌ల అది దొరకది. చెప్తా ఇను.

మొదటిది, నోరు మూసుకొని ఇనుడు నేర్చుకో. ఇంట్ల మీ నానమ్మ ముచ్చట చెప్తుంటే సగంల ఆపి ఫోను జూస్తవ్. రేపు ఠాణాల ముసలామె బంగారు గొలుసు పోయిందని చెప్పుకుంట మొదలు పెండ్లి కాన్నించి సురువు చేస్తది. ఆపినవనుకో, దొంగ పేరు చెప్పే మాట రాకముందే ఆపినట్టు. ఇంకోటి, రాసుడు నేర్చుకో. ఆమె ఏమన్నదో ఆమె మాటలల్లనే రాయి. నీ తెలివి అండ్ల కలపకు. ఒక్క తారీఖు తప్పు పడ్డా కోర్టుల డిఫెన్స్ వకీలు దాన్నే పట్టుకుంటడు. మల్ల, కోపాన్ని ఆపుకునుడు. మోండా మార్కెట్‌కు పోయి పొద్దుగాల ఐదింటికి కూరగాయల బేరం జూడు. తిట్టుకుంటరు, మళ్ల నవ్వుకుంటరు, ఆఖరికి సరుకు అమ్ముడుపోతది. వాళ్లు ఎట్ల దిగొస్తరో, ఎవరు ముందు మెత్తవడ్తరో గమనించు.

అన్నిటికన్న నీకు ఒక సులువైన తొవ్వ చెప్తా. కోర్టుల కేసు నడుస్తుంటే వెనక బెంచి మీద మామూలుగ ఎవరైనా కూసోవచ్చు. లోక్ అదాలత్ నడిచే దినం పో. 1987ల కానూను చేసి, 1995 నవంబర్ 9 నుంచి అమలు వెట్టిన్రు. ఆలుమగల పంచాయితీలు, చెక్ బౌన్సులు, చిన్న చిన్న కొట్లాట కేసులు ఆడ మాటతోనే తెగుతయ్. తీర్పు వచ్చిందంటే దాని మీద అప్పీలు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అయితది గనుక, ఒప్పించే నేర్పు అంత ఆడ కండ్లకు కనవడ్తది. అది నచ్చితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోయి పారా లీగల్ వాలంటీర్‌గ పేరు రాయించు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, అదే నల్సా, ఈ స్కీము 2009ల తెచ్చింది. వకీలు సదువు అక్కరలేదు. శిక్షణ ఇస్తరు. బస్తీల తిరిగి, కాగితం రానోళ్లకు అర్జీ రాసిపెడ్తవ్, పేదోళ్లకు ఉచిత వకీలు దొరుకుతడని చెప్తవ్. గౌరవ వేతనం కొద్దిగనే. గని ఒక యేడు గట్ల తిరిగినోడు కానిస్టేబుల్ అయినంక, వాన్ని సెంట్రీ కాడ నిలవెట్టిన నాడే తెలుస్తది ఎవని చేతుల పడ్డదో ఆ గేటు.

నీ దోస్తులు అంటరు, ఇంత తిరుగుడు ఎందుకురా, మార్కులల్ల రాదు గద అని. వచ్చేది మార్కులల్ల గాదు. ఉరుకుడు ఒక్కనాడే, పరీక్ష రెండు పూటలే. కొలువు వచ్చినంక రిటైరయ్యే దాక పొద్దున లేస్తే మనుషులే.

సరే, ఆ బొగ్గుల మీద నీళ్లు చల్లు, పిల్లలు తిరుగుతరు. రెండో శనివారం జాతీయ లోక్ అదాలత్ ఉంటే ఇద్దరూ సికింద్రాబాద్ కోర్టుకు పోన్రి. పొద్దున పదిన్నరకు ఆడ ఉండాలె, టిఫిన్ చేసి పోన్రి, క్యాంటీన్ల చాయ్ ఒక్కటే దొరుకుతది. వాపసు వచ్చినంక, ఎవరు గెలిచిన్రని అడగను. ఎవరు ముందు నోరు తెరిచిన్రు, ఎవరు ఏడ్చిన్రు, జడ్జి పక్కన కూసున్న మెంబర్ ఏ మాట అన్నంక మెత్తవడ్డరు, అది చెప్పాలె. చెప్పలేకుంటే వచ్చే అదాలత్‌కు మళ్ల పోవాలె.